నర్సమ్మ ఇంటి నీటితోట

జ్ఞానకుమారిని ఆ పేరుతో పిలిచేది చోడవరంలో బ్యాంకువాళ్ళు, ఆస్పత్రివాళ్ళు మాత్రమే. మిగతా లోకానికి ఆవిడ నర్సమ్మ. ఉద్యోగం నుంచి దిగిపోయి ఏళ్ళు గడిచినా, బజార్లో వంకాయలు ఏరుకుంటుంటే ఎవరో ఒకరు వెనకనుంచి వచ్చి చెయ్యి పట్టుకుంటారు. "నర్సమ్మా, ఈడు నువ్వు పురుడు పోసినోడే, సూడు ఎంతైపోయేడో" అంటారు. ఆవిడకి ముఖాలు గుర్తుండవు. ఊరు గుర్తుంటుంది, ఇంటి గుమ్మం గుర్తుంటుంది, ఆ రోజు వాన పడిందో లేదో కూడా గుర్తుంటుంది. అయినా ఆ పిల్లాడి చెంప పట్టుకుని "ఏటిరా, ఇంత ఎదిగిపోయేవు" అని మురిసిపోతుంది. ఆ మురిపెంలో మాత్రం అబద్ధం లేదు.

చీడికాడ దాటాక కొండల అంచున ఉండే పల్లెల్లోనే ఆవిడ సర్వీసంతా గడిచింది. టీకాల పెట్టె భుజానికి తగిలించుకుని చెరకుతోటల మధ్య గట్లమీద నడిచేది. ఆవిడ కనిపిస్తే పిల్లలు గాదెల వెనక దాక్కునేవాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు ఎదురొచ్చేవాళ్ళు. వానలు మొదలయ్యాయంటే బావుల్లో క్లోరిన్ కలపడం ఆవిడ పని. "నీళ్ళు మందు కంపు కొడతన్నాయి నర్సమ్మా" అని ఆడవాళ్ళు సణిగితే, "కంపు కావాలో వాంతులు కావాలో మీరే సెప్పండి" అనేది. వాంతులూ విరేచనాలతో పసిపిల్లలు పోవడం కళ్ళారా చూసిన మనిషి. అందుకే ఆ మాటలో ఎకసెక్కం ఉండేది కాదు. ఆవిడ నమ్మిన దేవుడు ఒక్కడు, నమ్మిన మందు ఒక్కటి. ఆ మందు క్లోరిన్.

భర్త శ్యామ్ సుందర్ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన నోరు విప్పితే "ముందుకి జరగండి" తప్ప ఇంకో మాట రాదని చర్చిలో అందరూ వేళాకోళం చేస్తారు. అది పూర్తిగా అబద్ధమేం కాదు. గొంతంతా బస్సులోనే ఖర్చయిపోయి, ఇంటికొచ్చేసరికి మిగిలేది కాదు. అయితే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించింది ఎక్కువగా ఆయనే. నర్సమ్మ ఏ పల్లెలో ఎవరి పురుటి దగ్గర చిక్కుకుపోయిందో తెలియని సాయంత్రాల్లో అన్నం వండి, కూతురు జెస్సికాకి రెండు జడలు వేసి, పాఠాలు చదివించి పడుకోబెట్టేవాడు. మొదట్లో ఒక జడ చెవి దగ్గరా ఇంకొకటి మెడ దగ్గరా ఉండేవి. పట్టు వదలకుండా నేర్చుకున్నాడు. దీని గురించి మొగుడూ పెళ్ళాలు ఎన్నడూ మాట్లాడుకోలేదు. నర్సమ్మకి అది ఇల్లు, ఇల్లు ఎలాగో జరిగిపోతుంది, అంతే.

రొమ్ములో గడ్డలేమైనా ఉన్నాయేమో చూసుకోండమ్మా అని ఊరూరా చెప్పిన నర్సమ్మ, తన గడ్డని మాత్రం ఆలస్యంగా చూసుకుంది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు, ఆ తర్వాత కీమో మొదలైంది. రక్తంలో బలం పడిపోయిందని, జనంలోకి వెళ్ళకూడదని, చర్చికి కూడా కొన్నాళ్ళు వద్దని డాక్టరు చెప్పాడు. ముందుగదిలో మంచం వేశారు. పదిమందికి ధైర్యం చెప్పిన మనిషి గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. తినమంటే "తర్వాత" అనేది. వైజాగ్‌లో ఉద్యోగం చేసుకుంటున్న జెస్సికా ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి ఫోను భర్త చేతికి ఇచ్చేసేది.

శ్యామ్ సుందర్‌కి ఓదార్పు మాటలు రావు. అందుకని ఒక అద్దాల తొట్టె తెచ్చాడు.

దాన్ని నర్సమ్మ పాత దుప్పట్లో చుట్టి, వైజాగ్ నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. కండక్టరు ఆయన పాత స్నేహితుడే కావడంతో దారి పొడుగునా జనాన్ని దూరంగా నెడుతూ కాపలా కాశాడట. ఆస్పత్రి వరండాల్లో కూర్చున్న గంటలన్నీ శ్యామ్ సుందర్ ఫోనులో నీటితోటల వీడియోలు చూసి ఈ విద్య పట్టాడు. తొట్టె తేబోయే ముందే డాక్టరుని అడిగాడు కూడా. రోగి ఎదురుగా ఉంటే పర్వాలేదు, చూడొచ్చు, నీళ్ళలో చెయ్యి మాత్రం పెట్టకూడదు అన్నాడు డాక్టరు. మంచానికి ఎదురుగా, ఆవిడ తిరిగి పడుకునే వైపు ఖాళీ గోడ ఉంది. అక్కడ గట్టి బల్ల వేసి, దానిమీద పెట్టాడు.

"ఇందులో దోమల చేపలు వేస్తారేటి?" అంది నర్సమ్మ. దోమపిల్లల్ని తినడానికి మలేరియావాళ్ళు నీళ్ళలో వదిలే చేపలే ఆవిడకి తెలుసు.

"చేపలు తర్వాత. ముందు తోట" అన్నాడాయన.

చెరువుమట్టిని ఎండబెట్టి, జల్లించి అడుగున పరిచాడు. దానిపైన ఏటి ఇసుక వేశాడు. ఆ ఇసుకని బియ్యం కడిగినట్టు కడిగి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడుగుతూనే ఉన్నాడు. చీడికాడ కొండ దగ్గర ఏరుకొచ్చిన నల్లరాయిని ఒక పక్కగా నిలబెట్టాడు. పొడుగాటి రిబ్బనుల్లాంటి ఆకుల మొక్కలు వెనక, పొట్టివి ముందు నాటాడు. ఒక మొక్క దుంపని ఇసుకలో పాతితే కుళ్ళిపోతుందట. దాన్ని రాయికి దారంతో కట్టాడు. నాటినవి చెదిరిపోకుండా మధ్యలో అన్నం పళ్ళెం పెట్టి, దానిమీద చెంబుతో మెల్లగా నీళ్ళు పోశాడు. ఆ నీళ్ళు కూడా కుళాయి నుంచి నేరుగా కాదు, ముందురోజే బకెట్లలో పట్టి ఉంచినవి. గోడవైపు తిరిగి పడుకున్న మనిషి ఇవన్నీ చూస్తూనే ఉంది, ఎందుకంటే ఇప్పుడు గోడవైపే తొట్టె ఉంది.

"మరి చేపలెప్పుడు?" అని అడిగింది సాయంత్రం.

"నెల పడతాది." ఆయన తొట్టెలో ఒక మూల బుడగలు వదులుతున్న స్పంజి చూపించాడు. "చేపల మలంలో విషం ఉంటాది. దాన్ని తినే క్రిములు ఈ స్పంజిలో పుట్టాల. అవి కుదురుకోకుండా చేపలేస్తే సచ్చిపోతాయి."

"నేను జన్మంతా క్రిముల్ని సంపుకుంటూ వచ్చేను. మీరు నా మంచం ఎదురుగా పెంచుతారా?" అని నర్సమ్మ నవ్వింది. చాలారోజుల తర్వాత వచ్చిన నవ్వు. వెంటనే అది ఆరిపోయింది. "నెలకి నేనుంటానో లేదో" అంది.

శ్యామ్ సుందర్ గుడ్డ తీసుకుని అద్దం తుడిచాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. "నువ్వు లేకపోతే ఈటిని సూసేదెవరు" అని మాత్రం అన్నాడు.

మొదటి వారాల్లో తోట దిగులు పుట్టించింది. పాత ఆకులు పసుపెక్కి, మెత్తబడి, నీళ్ళలో కరిగిపోవడం మొదలుపెట్టాయి. అప్పటికి నర్సమ్మ తలమీద వెంట్రుక లేదు. "నా జుట్టు పోయినట్టే పోతన్నాయి. తీసి పారెయ్యండి" అంది. కొత్త నీటికి అలవాటు పడేదాకా అలాగే అవుతుందని, వేరు బతికుంటే చాలునని ఆయన చెప్పాడు. కరిగిన ఆకుల్ని కత్తిరించి తీసేశాడు. దీపం ఎక్కువసేపు వెలిగితే అద్దానికి పాచి పడుతుందని వేళకి ఆర్పేసేవాడు. వారానికొకసారి పావువంతు నీళ్ళు తోడి, పట్టి ఉంచిన నీళ్ళు పోసేవాడు. తర్వాత ఒక పొద్దున నర్సమ్మ మంచం మీద లేచి కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, "ఏవండీ, రాయి పక్కన కొత్త చిగురు వేసింది" అంది. ఆ రోజు గంజి గిన్నె ఖాళీ చేసింది. మొక్కల్ని చూస్తున్నప్పుడు పెడితే తింటుందని శ్యామ్ సుందర్ కనిపెట్టాడు. అప్పటినుంచి తొట్టెలో దీపం వెలిగే వేళే ఆ ఇంట్లో అన్నం వేళ అయింది.

నెల దాటాక గప్పీ చేపలు వచ్చాయి. వేలెడంత కూడా లేవు, తోకలు మాత్రం పట్టుచీర అంచుల్లా ఉన్నాయి. నర్సమ్మ బతికే ఉంది. చేపలు తొట్టెలోకి దిగడం చూసి కళ్ళు తుడుచుకుంది. కొన్నాళ్ళకి వాటిలో ఒకదాన్ని వేలితో చూపించి, "దీనికి నెలలు దగ్గరపడ్డాయి, తెలుస్తందా" అంది. ఆయనకి తెలియలేదు. ఆవిడ అద్దం ఇవతలనుంచే పొట్ట చూసి చెప్పేసింది. గుడ్లు పెట్టకుండా పిల్లల్ని కనే చేపలు ఉంటాయని తెలిసిన రోజున ఆవిడ ముఖం చూడాలి. ఉద్యోగం మళ్ళీ ఇచ్చినట్టు వెలిగిపోయింది.

చివరి పరీక్షలో అంతా శుభ్రంగా ఉందని డాక్టరు చెప్పాడు. ఆ మాట చెవిన పడగానే శ్యామ్ సుందర్ ఆస్పత్రి వరండాలో బెంచీమీద కూర్చుండిపోయాడు. వచ్చే ఆదివారం ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుందామని నిర్ణయించారు. చర్చివాళ్ళంతా వస్తారు, పాటలు, ప్రార్థన, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పుకోవడం, ఆ తర్వాత భోజనాలు. ఇంతకాలం ఆమె కోసం ప్రార్థన చేసినవాళ్ళు ఆ నీటితోటని కూడా చూడాలని ఆయనకి ఆశ. తొట్టె నిండుగా కనిపించాలని కొత్త చేపల్ని తెచ్చి వేశాడు. ముచ్చటకొద్దీ మేత కూడా చిటికెడు ఎక్కువ వేశాడు. శనివారం పొద్దునకి నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి.

"రెండ్రోజుల్లో అదే తేరుకుంటాది, ముట్టుకోకు" అని చెప్పి, కేకు తేవడానికి అనకాపల్లి బస్సెక్కాడు.

శనివారం ఇల్లు కడగడం నర్సమ్మకి పెళ్ళికి ముందునుంచీ ఉన్న అలవాటు. ఆదివారానికి ఇంట్లో మరక ఉండకూడదు. ఇన్నాళ్ళూ కడగలేకపోయిన ఇల్లు, పైగా రేపు కూడిక. వరండాలో ఆయన పట్టి ఉంచిన బకెట్ల నీళ్ళతో గదులన్నీ తుడిచేసింది. అన్నీ మెరిసిపోతున్నాయి, తొట్టె ఒక్కటే తెల్లగా మసకేసి ఉంది. దాని ముందు నిలబడి చూసింది. ఇది క్రిములు పెరిగిన నీరని ఆవిడకి చూడగానే తెలిసిపోయింది. రోగం సరిగ్గానే కనిపెట్టింది, ఆ మాట ఒప్పుకోవాలి. పాత చేతిసంచి తీసి, క్లోరిన్ మాత్రల పట్టీ బయటికి లాగి, తొట్టెలో ఎన్ని బిందెల నీళ్ళుంటాయో అంచనా కట్టి, మనుషులు తాగే నీటికి వేసే మోతాదే వేసి చేత్తో కలిపింది. ఆ వాసన గుప్పుమంటే ఆవిడకి హాయిగా అనిపించింది. ఆయన వచ్చేసరికి నీళ్ళు తేటగా ఉంటాయి, ఒక్క మంచి పని చేసి చూపించినట్టు ఉంటుంది అనుకుంది.

వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకుని వచ్చేసరికి చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఒకటి పక్కకి ఒరిగి, రాయికి తగిలి, మళ్ళీ లేవలేదు. నర్సమ్మ టీ గ్లాసు పక్కన పెట్టేసింది. ఊపిరి అందని పసిగుడ్లని చూసిన కళ్ళు అవి, ఒక్క క్షణంలో అర్థమైపోయింది. ఆయనకి ఫోన్ చేద్దామని ఫోన్ తీసి, మళ్ళీ పెట్టేసింది. ఏమని చెప్పాలి? నేను బతకాలని మీరు పెంచినదాన్ని నేనే చంపేశాను అని చెప్పాలా? ఆయన ఎవరికీ చెప్పుకోని దిగులంతా ఈ తొట్టెలో పోసి పైకి రాకుండా ఉంచుకున్నాడని ఆవిడకి తెలుసు. ఇది పోతే ఆయన ఏమైపోతాడు? మంచినీళ్ళు మార్చాలి. వరండాలోకి పరుగెత్తింది. క్లోరిన్ ఎగిరిపోవాలని ఆయన ముందురోజే పట్టి ఉంచిన బకెట్లు ఖాళీగా బోర్లించి ఉన్నాయి. బోర్లించింది తనే.

గోడ అవతలనుంచి అప్పలనరసమ్మ చూసింది. పక్కింటి రైతు భార్య, ఆవిడ పెరట్లో బోరు ఉంది. "ఏటయ్యింది నర్సమ్మా, అలా పరిగెడతన్నావు? నీకు పరిగెట్టకూడదు కదా."

"చేపలు సచ్చిపోతన్నాయే. మందు లేని నీళ్ళు కావాలి."

అప్పలనరసమ్మ వెంటనే బోరు దగ్గరికి వెళ్ళింది. మోటారు వేసి రెండు బిందెలు నింపుకుని వచ్చేసింది. బోరు నీళ్ళకి గాలి తగలాలని ఆవిడే అంది. ఇత్తడి పళ్ళెంలోకి పైనుంచి ఒంపి, టీ తిరగబోసినట్టు తిరగబోసింది. నర్సమ్మ టీ వడబోసే జల్లెడతో చేపల్ని ఒక్కొక్కదాన్నే ఎత్తి పళ్ళెంలో వేసింది. ముందుగా నిండుకడుపు చేపని వెతికి తీసింది. చేతులు వణికిపోతున్నాయి.

"నా పెద్దగుంట పుట్టినప్పుడు ఏడవలేదు, గుర్తుందా" అంది అప్పలనరసమ్మ నీళ్ళు ఒంపుతూ. "నువ్వు దాని వీపు తట్టి తట్టి ఏడిపించేవు. అప్పుడు నీ సెయ్యి ఒణకలేదు."

"అది నా తప్పు కాదు కదే. ఇది నా తప్పు" అంది నర్సమ్మ.

తొట్టెలో నీళ్ళు తోడిపోశారు, మళ్ళీ బిందెలు తెచ్చారు. సగం చేపలు పోయాయి. మిగతావి పళ్ళెంలో అడుక్కి దిగి మెల్లగా మొప్పలు ఆడిస్తున్నాయి. నిండుకడుపు చేప వాటిలో ఉంది.

శ్యామ్ సుందర్ కేకు పెట్టె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఇద్దరు ఆడవాళ్ళూ తడిసి ముద్దై నేలమీద కూర్చుని ఉన్నారు. తొట్టె సగం ఖాళీగా ఉంది. క్లోరిన్ వాసన ఇంకా గదిలో ఉంది. ఆయన అన్నీ చూశాడు. పెట్టె బల్లమీద పెట్టాడు.

"నీటిలో సెయ్యి పెట్టేవా?" అని భార్యని అడిగాడు.

నర్సమ్మ తల ఊపింది.

"డాక్టరు వద్దన్నాడు కదేటి" అని సబ్బు తెచ్చి, ఆవిడని పెరట్లోకి తీసుకెళ్ళి, రెండు చేతులూ మోచేతుల దాకా తనే కడిగాడు. గోళ్ళ సందుల్లో కూడా కడిగాడు. అప్పుడు ఆవిడకి ఏడుపు ఆగలేదు.

"తిట్టండి" అంది.

"దేనికి? నేను చేపలెక్కువేసేను, మేతెక్కువేసేను. నీళ్ళు తెల్లబడితే నీకు తెలిసిన మందు నువ్వేసేవు." ఆవిడ చేతులు తువ్వాలుతో తుడిచాడు. "స్పంజిలో క్రిములు పోయుంటాయి. మళ్ళీ మొదట్నుంచి సెయ్యాల. నెల పడతాది." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "పట్టనీ. మనకిప్పుడు నెలంటే బెంగేటి?"

నర్సమ్మ ఆయన ముఖంలోకి చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అంత దగ్గరగా, అంతసేపు చూసిన గుర్తు లేదు. పల్లెల్లో తనకి వచ్చిన దండాలు, దీవెనలు, కోడిగుడ్లు, గుమ్మడికాయలు అన్నీ గుర్తొచ్చాయి. వాటిలో సగం ఈయనవి. తను ఎన్నడూ పంచలేదు. ఈ మనిషిని తనకి ఇచ్చినందుకు దేవుడికి ఒక్కసారి కూడా విడిగా స్తోత్రం చెప్పలేదని తట్టి సిగ్గుపడింది.

ఆదివారం ఇల్లంతా జనం. వరండాలో కుర్చీలు చాలక పిల్లల్ని చాప మీద కూర్చోబెట్టారు. వైజాగ్ నుంచి జెస్సికా వచ్చింది. అప్పలనరసమ్మ పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. తొట్టెమీద దుప్పటి కప్పేద్దామా అని శ్యామ్ సుందర్ అడిగితే, నర్సమ్మ వద్దంది. చూసినవాళ్ళకి కలకబారిన నీళ్ళూ, నిలబడ్డ మొక్కలూ, పక్కన పళ్ళెంలో మిగిలిన చేపలూ కనిపించాయి. పాటలు అయ్యాయి, బైబిలు వాక్యం అయింది. పాస్టరుగారు సాక్ష్యం చెప్పమని నర్సమ్మని పిలిచారు. ఆవిడ మంచి మాటకారి. ఎన్ని ఊళ్ళలో ఎన్ని గుంపుల ముందు మాట్లాడిందో లెక్కలేదు. ఆవిడ లేచి నిలబడింది.

"దేవునికి స్తోత్రం" అంది. "నా గురించి మీరందరూ ప్రార్థన చేసేరు. డాక్టర్లు మందులిచ్చేరు. నిన్న నేను మా ఆయన చేపలకి మందేసి సగం సంపేసేను. మిగతావాటిని అప్పలనరసమ్మ బతికించింది." జనం నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "నేను ఊళ్ళన్నీ తిరిగి పిల్లల్ని బతికించేనని మీరంటారు. ఆ రోజుల్లో నా పిల్లకి అన్నం పెట్టింది ఈయన. నాకు పెట్టింది ఈయన. జబ్బులో నేను తినకపోతే గిన్నె పట్టుకుని ఆ తొట్టె ముందు నిలబడ్డది ఈయన. నేనెప్పుడొచ్చినా పళ్ళెం పెట్టేసి ఉండేది. మీరు తిన్నారా అని నేను ఒక్కనాడు అడగలేదు."

శ్యామ్ సుందర్ వంటవాళ్ళ దగ్గర గుమ్మంలో, చేతిలో గరిటెతో నిలబడి ఉన్నాడు. పొద్దున్నుంచి కుర్చీలు మోసి, నీళ్ళు పట్టి, వచ్చినవాళ్ళకి కాఫీలు ఇస్తూ తిరుగుతున్న మనిషి. నర్సమ్మ అటు తిరిగింది.

"మీరు తిన్నారా?" అని అందరి ముందూ అడిగింది.

ఆయన గరిటె వైపు చూసుకున్నాడు. "లేదు" అన్నాడు.

పాస్టరుగారు ముగింపు ప్రార్థన చేద్దామా అన్నట్టు చూశారు. నర్సమ్మ చూడలేదు. జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ వంటింట్లోకి వెళ్ళి, పళ్ళెంలో అన్నం పెట్టి, కూర వేసి, ఆయన చేతిలో గరిటె తీసేసి ఆ పళ్ళెం పెట్టింది. ఆ ఇంట్లో ఏ కూడికకైనా మొదటి పళ్ళెం పాస్టరుగారికే. ఆ రోజు అది కండక్టరుకి అందింది, ఆయన తినేదాకా అందరూ ఆగారు.